పదో అసిస్టు

ప్లేనో, టెక్సస్
10 ఫిబ్రవరి 2015, మంగళవారం

చి.సౌ. మృదులకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసా. పొద్దున మీ నాన్నగారి షుగర్ నూట పద్దెనిమిది, నా బి.పి. నూట ముప్ఫై బై ఎనభై రెండు. అంకె లేకుండా క్షేమం రాస్తే నాకు రాసినట్టే ఉండదని నువ్వు వెక్కిరిస్తావు కాబట్టి అంకెలతోనే మొదలుపెట్టాను. అక్కడ నువ్వు, శ్రీహర్ష, చరిత ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. చరితకి ఊడిన రెండో పన్ను చోట కొత్తది మొలిచిందో లేదో రాయి.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. నాలుగు పేజీల్లో ఇంగ్లీషు మాటలు పదకొండే. పోయిన నెల ఇరవై ఆరు. నెలకో ఉత్తరం తెలుగులో రాసుకోవాలని పెళ్ళయి సియాటెల్ పక్కన బాతెల్ వెళ్ళేటప్పుడు నువ్వు పెట్టిన నియమం, నెల తప్పకుండా నడిపిస్తున్నదీ నువ్వే. పదేళ్ళ వయసులో ఈ దేశం వచ్చిన పిల్లవి, ఒత్తులు మరిచిపోకుండా రాస్తున్నావు. సంతోషం.

నువ్వడిగిన వాటికి జవాబులు. గోంగూర కుండీలు గరాజ్‌లో పెట్టాం, రెండు బతికాయి, ఒకటి పోయింది. నాన్నగారి మోకాలికి డాక్టర్ ఇంజెక్షన్ ఇచ్చాడు. మెట్లెక్కుతున్నారు గానీ దిగేటప్పుడు ఇంకా "రామా" అంటున్నారు. అర్జున్ ఆస్టిన్‌లో కొత్త అపార్ట్‌మెంట్‌కి మారాడు. మీ తమ్ముడికి వంట వచ్చిందని వాడంటున్నాడు, తిన్నవాళ్ళెవరూ ఇంకా అనలేదు.

పోయిన వారం ఫోన్‌లో చరిత నన్ను పట్టుకుంది. నువ్వు పక్కన లేవనుకుంటాను.

"అమ్మమ్మా, నువ్వు బాస్కెట్‌బాల్‌లో ఎన్ని పాయింట్స్ కొట్టావ్?"

"నేను కొట్టలేదమ్మా. వాళ్ళు కొట్టినవి చూసి రాయించాను."

"సో, జీరో?"

"జీరో."

"ఫోర్టీన్ ఇయర్స్‌లో జీరో?" తర్వాత తనే నన్ను ఓదార్చింది. "ఇట్స్ ఓకే అమ్మమ్మా. నెక్స్ట్ టైమ్."

ఇక నీ ఉత్తరంలో చివరి పేజీ. దాన్ని మూడుసార్లు చదివాను. మీ వీధిలో ఎవరో పిల్లవాడి పుట్టినరోజు పార్టీలో, ఫోర్ట్ వర్త్ నుంచి వచ్చిన ఒకాయన గేట్‌వుడ్ సంగతి ఎత్తాడని రాశావు. "ఆ రికార్డు ఆయనొక్కడి పేరునే ఉండాల్సింది. స్కోరర్ల టేబుల్ దగ్గర ఒక ఇండియన్ ముసలావిడ ఉండేది, కక్షకొద్దీ ఒకటి కోసేసింది" అన్నాడట. "ఆవిడ మా అమ్మ అని నేను అనలేదమ్మా. కేకు తిని వచ్చేశాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. అసలేం జరిగింది? నువ్వెప్పుడూ చెప్పలేదు" అని అడిగావు.

చెప్తాను. నువ్వు ఆట చూడవు కాబట్టి వరసలో చెప్తాను. ఓపిగ్గా చదువు, ఇందులో నీకు సంబంధించినది చివర్లో ఉంది.

ఎల్డ్రిజ్ గేట్‌వుడ్ ఆర్కన్సాలో పత్తి పండే పల్లెటూళ్ళో పుట్టాడు, 1973లో. తండ్రి లేడు. తల్లి స్కూల్ క్యాంటీన్‌లో వడ్డించేది. ఎత్తు ఆరడుగుల ఒక్క అంగుళం. మనకి పొడుగే, ఆ ఆటలో పొట్టివాడి కింద లెక్క. 1995లో కొత్త ఆటగాళ్ళని ఎంచుకునేటప్పుడు ఫోర్ట్ వర్త్ డ్రోవర్స్ జట్టు అతన్ని తీసుకున్నది నలభై నాలుగో పేరుగా. మొదటి ఏడాది తొమ్మిది మ్యాచ్‌లు ఆడాడు, అదీ కొద్ది నిమిషాలు. తర్వాత ఐదేళ్ళు బెంచీ మీద కూర్చుని లేచాడు. 2001లో ముందున్నవాడికి చీలమండ విరిగితే ఇతన్ని దింపారు. ఆ తర్వాత పన్నెండేళ్ళు ఆ చోటు ఇంకెవరికీ దక్కలేదు. ఒకే జట్టులో పద్దెనిమిది సీజన్లు, 2006లో ఒక ఛాంపియన్‌షిప్, తొమ్మిది వేల ఎనిమిది వందల నలభై ఆరు అసిస్టులు (అదేమిటో కింద చెప్తాను). ఆ చివరి అంకెలో సగానికి దగ్గరగా నా నోటి మీదుగా వెళ్ళింది.

నేను ఆ టేబుల్ దగ్గరికి వెళ్ళింది కూడా 2001లోనే. ఆ వేసవిలో టెలికాం కంపెనీలన్నీ వరసగా మనుషుల్ని తీసేశాయి గదా. పదకొండేళ్ళు ప్రోగ్రాములు రాసిన నన్ను ఒక మంగళవారం పిలిచి అట్టపెట్టె ఇచ్చారు. నువ్వప్పటికి ఉద్యోగంలో ఉన్నావు. అర్జున్ హైస్కూల్ జట్టులో బెంచీ మీద ఉన్నాడు. ఇంట్లో కూర్చోలేక వాడి ఆటలకి వెళ్ళి, చేతులూరుకోక నోటు పుస్తకంలో స్కోరు రాసేదాన్ని. చిన్నప్పటి అలవాటు. బాపట్లలో మీ తాతయ్య డ్రిల్లు మాస్టారు గదా, ఆయన జరిపించే బాల్ బాడ్మింటన్ పోటీలకి పదేళ్ళ నుంచీ నేనే స్కోరు. రంగయ్య మాస్టారి కూతురు రాసిందంటే ఓడినవాళ్ళు కూడా పుస్తకం అడిగేవారు కాదు. ఆయన నాకు చెప్పింది ఒక్కటే: "చూసింది రాయి. చూడనిది అడుగు."

ఒకరోజు స్కూలు వాళ్ళ పుస్తకానికీ నా పుస్తకానికీ రెండు పాయింట్లు తేడా వచ్చింది. కోచ్ వీడియో వేసి చూశాడు. నాదే సరి. ఆ పక్కన ర్యాండీ అని ఒకాయన ఉన్నాడు, వాళ్ళమ్మాయి కూడా అదే స్కూల్. అతను డ్రోవర్స్‌లో స్కోరు కంప్యూటర్‌లోకి కొట్టే మనిషి. "మాకు చూసి చెప్పేవాళ్ళు కావాలి. జీతం పెట్రోలుకి సరిపోతుంది. వస్తారా?" అన్నాడు. ఫోర్ట్ వర్త్ యాభై మైళ్ళు. వెళ్ళాను.

పని ఇది. నేను ఆట మీంచి కన్ను తీయకుండా ఎవరేం చేశారో నెంబరుతో చెప్తాను, ర్యాండీ తెర మీంచి కన్ను తీయకుండా కొడతాడు. అతను ఆట చూడడు, నేను తెర చూడను. నియమాలు రెండు. టేబుల్ దగ్గర ఫోన్ తీయకూడదు. ఆటగాళ్ళ దగ్గర సంతకాలు అడగకూడదు, ఇచ్చినా తీసుకోకూడదు. గేట్‌వుడ్ సంతకం తేలేదని అర్జున్ రెండేళ్ళు అలిగాడు, గుర్తుందా?

బుట్టలో పడ్డ బంతి అందరికీ కనిపిస్తుంది. అసిస్టు అలా కాదు. ఒకడు అందించిన బంతితో ఇంకొకడు నేరుగా బుట్టలో వేస్తే, అందించినవాడికి రాసేది అసిస్టు. అందుకున్నవాడు ఆగి, బంతి నాలుగుసార్లు నేలకు కొట్టి, అడ్డొచ్చినవాణ్ణి తప్పించుకుని వేశాడనుకో, అది వాడి కష్టం, అందించినవాడికి రాయకూడదు. ఇది అవునా కాదా అన్నది టేబుల్ దగ్గరి మనిషి చెప్పాలి, ఒకటిన్నర సెకన్లో. సొంత ఊళ్ళో సొంతవాళ్ళకి ఉదారంగా రాస్తారని లీగ్ అంతటా చెప్పుకునేవారు. నేను రాయలేదు. మొదటి సీజన్లో గేట్‌వుడ్‌కి సొంత ఊళ్ళో కన్నా పరాయి ఊళ్ళలో ఎక్కువ అసిస్టులు వచ్చాయి.

ప్రతి ఆటకీ వార్మప్ కాగానే గేట్‌వుడ్ మా టేబుల్ మీద రెండు చేతులూ ఆనించి అడిగేవాడు. అతను మాట్లాడేది ఇంగ్లీషే, నాకు వినిపించినట్టు తెలుగులో రాస్తున్నాను.

"మిస్ ఉమా, ఇవాళైనా కనికరం ఉందా?"

"కనికరం కావాలంటే చర్చికి వెళ్ళు. ఇక్కడ కళ్ళు మాత్రమే ఉన్నాయి."

"సరే. ఉన్నవైనా తెరిచి పెట్టుకోండి."

పన్నెండేళ్ళూ ఇదే మాట, ఇదే జవాబు. అది అయితేగానీ అతను కోర్టులోకి వెళ్ళేవాడు కాదు.

2004లో వాళ్ళమ్మ వచ్చింది ఆట చూడటానికి. సన్నగా, నీలం కోటుతో. టేబుల్ దగ్గరికి వచ్చి నన్ను పైనుంచి కిందకి చూసింది.

"నువ్వేనా? వాడు ఇంటికి ఫోన్ చేసి నీ మీద చాడీలు చెప్తాడు."

"ఏమని?"

"గీసి గీసి పెడతావని." నవ్వింది. "నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు పిల్లలకి వడ్డించాను. ఒక్కో పిల్లాడికి ఒక్కో గరిటె. వీడు అదే వరసలో పళ్ళెం పట్టుకుని నిలబడేవాడు. వీడికీ ఒకటే గరిటె. ఇంటికొచ్చి ఏడ్చేవాడు. నువ్వు అలాగే కానీ."

ఆవిడ పేరు మిసెస్ గేట్‌వుడ్ అని తప్ప నాకు తెలియదు. 2012లో పోయింది. ఆమెని నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు 2009. ఒక మ్యాచ్‌లో పది అసిస్టులు చేస్తే గొప్ప. గేట్‌వుడ్ ఆ సీజన్లో వరసగా నలభై ఒక్క మ్యాచ్‌ల్లో పది, అంతకు మించీ చేశాడు. అది ముప్ఫై ఏళ్ళ నాటి రికార్డుతో సమానం. నలభై రెండోది మార్చి 15, ఆదివారం మధ్యాహ్నం, ఫోర్ట్ వర్త్‌లోనే.

ఆ తారీఖు నీకు నేను చెప్పక్కర్లేదు.

నువ్వు గురువారం నుంచీ ఆసుపత్రిలో ఉన్నావు. నెలలు నిండటానికి ఇంకా ఆరు వారాలుంది. ఆదివారం పొద్దున ఫోన్‌లో నువ్వే అన్నావు, "ఇంకో పది రోజులు ఆపగలమని డాక్టర్ అంటోంది. టికెట్ ఎలాగూ సోమవారానికి ఉందిగా, అప్పుడు రా చాలు" అని. నీ గొంతు బాగానే ఉంది. నేను ఆటకి వెళ్ళాను. ఫోన్ బ్యాగులో పెట్టి బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. నియమం ప్రకారం ఫోన్ ఆపేయాలి. ఆపలేదు. మోగకుండా, అదిరేలా పెట్టాను.

చివరిదైన నాలుగో క్వార్టర్లో ఇంకా ఆరు నిమిషాలున్నాయి. గేట్‌వుడ్‌కి తొమ్మిది అసిస్టులు. పద్దెనిమిది వేలమంది నిలబడి ఉన్నారు. నా కాలికి ఫోన్ అదిరింది. వంగి, బ్యాగులోంచి ఫోన్ తీసి మూత తెరిచాను. శ్రీహర్ష మెసేజ్. "గర్ల్. 4 పౌండ్లు 1 ఔన్స్. ఇంక్యుబేటర్‌లో పెట్టారు. మృదుల ఓకే."

రెండోసారి చదువుతుండగా హాలు హోరెత్తింది. తలెత్తేసరికి బంతి బుట్టలోంచి కింద పడుతోంది, గేట్‌వుడ్ చెయ్యి పైకి లేచి ఉంది. నా నోరు నన్నడక్కుండానే చెప్పింది. "అసిస్ట్, నెంబర్ ఫోర్టీన్."

ర్యాండీ కొట్టాడు. కొట్టి, తెర మీంచి కన్ను తీయకుండానే అడిగాడు. "ష్యూర్?"

అప్పుడు చెప్పొచ్చు, చూడలేదని. "ష్యూర్" అన్నాను.

ఆ తర్వాత అతనికి అసిస్టులేవీ రాలేదు. ప్రత్యర్థులు అతని మీద ఇద్దర్ని పెట్టారు. మ్యాచ్ పది దగ్గరే ముగిసింది. రికార్డు పోయింది, కొత్తది వచ్చింది, కాగితాలు ఎగిరాయి. నేను పార్కింగ్ లాట్‌లో కార్లో కూర్చుని శ్రీహర్షకి ఫోన్ చేశాను. నీతో రెండు నిమిషాలు మాట్లాడాను. "అమ్మా, దానికి వేళ్ళు చూడు ఎంతున్నాయో" అన్నావు. చూడటానికి రేపు వస్తున్నానన్నాను.

ఇంటికొచ్చి సూట్‌కేసు సర్దుతుంటే మీ నాన్నగారు టీవీ పెట్టారు. ఆ పదో అసిస్టు నాలుగు వైపుల నుంచీ చూపిస్తున్నారు. గేట్‌వుడ్ ఇచ్చాడు. అందుకున్నవాడు ఆగాడు. నాలుగుసార్లు నేలకు కొట్టాడు. ఒకణ్ణి తిప్పి, వేశాడు. స్కూలు పిల్లలు కూడా దాన్ని అసిస్టు అనరు.

"అది కాదు" అన్నాను.

"ఏది కాదు?"

"అది అసిస్టు కాదండీ. నేను తప్పు చెప్పాను."

ఆయన తెర వంక చూశారు, నా వంక చూశారు. "టీవీలో వాళ్ళెవరూ ఏం అనట్లేదుగా ఉమా. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్నారు. పద్నాలుగేళ్ళు ఆడాడు, ఒక్క గరిటె ఎక్కువ పడితే ఏం?"

ఆయన ఊరికే అన్న మాట. నాకు మాత్రం ఆ నీలం కోటావిడ గుర్తొచ్చింది.

స్కోరు సరిచేయాలంటే మర్నాడు సాయంత్రం ఐదు లోపల లీగ్‌కి పంపాలి, చెప్పిన మనిషి వీడియో పక్కన కూర్చుని సంతకం పెట్టాలి. నా విమానం సోమవారం పొద్దున ఏడున్నరకి. టీమ్ ఆఫీసుకి ఫోన్ చేశాను. అక్కడి కుర్రవాడు నవ్వాడు. "ఎవరూ ఫిర్యాదు చేయలేదు మేడమ్. మనవరాలు పుట్టిందంటున్నారుగా, వెళ్ళి చూసుకోండి."

మృదులా, ఇదే నేను నీకు చెప్పనిది. వాన వల్ల ఫ్లైట్ కాన్సిల్ అయిందని, మంగళవారం దాకా సీట్లు లేవని చెప్పాను. వాన లేదు. ఫ్లైట్ సమయానికే వెళ్ళింది. టికెట్ మార్చింది నేను. మీ నాన్నగారికి ఇష్టం లేదు. "పిల్ల అక్కడ ఒంటరిగా ఉంది, నువ్వు ఇక్కడ అంకె దిద్దుతానంటావేం?" అని ఒక్కసారే అన్నారు. తర్వాత నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నా వాన కథకి ఆయన కూడా వంత పాడారు. ఆయన తప్పేం లేదు.

సోమవారం పొద్దున యాభై మైళ్ళు నడుపుకుంటూ వాళ్ళ ప్రాక్టీసు జిమ్‌కి వెళ్ళాను. వీడియో గదిలో గేట్‌వుడ్ రెండు మోకాళ్ళకీ ఐసు కట్టుకుని కూర్చున్నాడు. తెర మీద అదే ఆట, బంతి నాలుగోసారి నేలకు తగిలిన చోట ఆపి ఉంది.

"మిస్ ఉమా. నేనే మీకు ఫోన్ చేద్దామనుకుంటున్నాను." తెర వైపు చెయ్యి చూపించాడు. "ఇది నాది కాదు."

"తెలుసు. తీసేయడానికే వచ్చాను."

"మీరు ఇలాంటిది తప్పరు. ఏమైంది? నిన్న కళ్ళు లేవా?"

అబద్ధం చెప్పడానికి నాకు ఓపిక లేదు. "లేవు. ఫోన్ చూస్తున్నాను. మా అమ్మాయికి ఆరు వారాల ముందే కాన్పయింది."

అతను రిమోట్ కింద పెట్టాడు. "బాబా, పాపా?"

"పాప. నాలుగు పౌండ్ల ఒక ఔన్సు."

"ఎక్కడ?"

"సియాటెల్ పక్కన."

"అయితే మీరిక్కడ ఏం చేస్తున్నారు?" నిజంగా కోప్పడ్డాడు. నేను తెర వైపు చూపించాను. మోకాలి మీంచి ఐసు నీళ్ళు కారి నేల మీద పడుతున్నాయి.

"ఆఫీసులో ఏం చెప్తారు?" అన్నాడు.

"ఉన్నది. ఫోన్ చూస్తూ చూడకుండా చెప్పానని."

"చెప్తే సాయంత్రానికి మీ కుర్చీ పోతుంది."

"పోవాలి మరి."

"పోకూడదు." ఫోన్ తీసి ఆఫీసు కుర్రవాడికి కలిపాడు. నా ఎదురుగానే చెప్పాడు. "పదోది అసిస్టు కాదు. మళ్ళీ చూడమని నేను అడుగుతున్నాను. నా పేరు మీదే రాయండి. మిస్ ఉమా వచ్చి సంతకం పెడతారు." పెట్టేసి నా వైపు తిరిగాడు. "నాది కానిది నాకు ఇవ్వని మనిషి ఆ కుర్చీలో నాకు కావాలి. ఇంకెవరైనా కూర్చుంటే నేను మంచివాణ్ణని వాళ్ళే నమ్మించేస్తారు."

మధ్యాహ్నం రెండింటికి సంతకం పెట్టాను. పది కాస్తా తొమ్మిదయింది. నలభై రెండు కాస్తా నలభై ఒకటయింది. రికార్డు ఆ పాత ఆటగాడితో కలిపి ఇద్దరి పేర్ల మీదా ఉండిపోయింది, ఇప్పటికీ అలాగే ఉంది. బయటికి వస్తూ ర్యాండీకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "నీ గొంతు సగం సెకను ఆలస్యంగా వచ్చింది, అందుకే అడిగాను" అన్నాడు. అంతకు మించి ఈ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఎత్తలేదు.

తర్వాత రేడియోలో కొందరు అతని నిజాయితీని పొగిడారు, కొందరు నన్ను తిట్టారు. ముందు ఇచ్చి తర్వాత తీసుకుందని, కక్ష అని. మీ పార్టీలో ఆయన విన్నది అదే. నాకు బాధ లేదు. తిట్టదగ్గ తప్పు చేశాను, వాళ్ళు వేరే తప్పుకి తిట్టారు, అంతే తేడా. 2010లో అతనికి మోకాలి ఆపరేషన్ అయింది. వాడి పని అయిపోయిందన్నారు. మళ్ళీ వచ్చి మూడు సీజన్లు ఆడాడు. 2013 ఏప్రిల్లో చివరి ఆటలో ఏడు అసిస్టులు. ఎనిమిదోది సందేహంగా ఉంది, నేను ఇవ్వలేదు. వెళ్ళిపోతూ టేబుల్ వైపు చూసి తల అడ్డంగా ఊపి నవ్వాడు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం అతని పద్నాలుగో నెంబరు జెర్సీని హాలు కప్పుకి ఎత్తారు. ఇక ఆ నెంబరు ఆ జట్టులో ఎవరూ వేసుకోరు. మమ్మల్ని మా టేబుల్ దగ్గరే కూర్చోమన్నారు. నాన్నగార్ని కూడా రమ్మన్నారు. ఆయన టై కట్టుకున్నారు. కార్యక్రమానికి గంట ముందు హాలు ఖాళీగా ఉన్నప్పుడు గేట్‌వుడ్ సూటుతో వచ్చి టేబుల్ మీద రెండు చేతులూ ఆనించాడు. గడ్డంలో తెలుపు వచ్చింది.

"మిస్ ఉమా, ఇవాళైనా కనికరం ఉందా?"

నేను జవాబు చెప్పేలోగా పక్కనుంచి నాన్నగారు అందుకున్నారు. "ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నేనూ అదే అడుగుతున్నాను సార్."

అతను గట్టిగా నవ్వాడు. నవ్వి, కోటు లోపలి నుంచి ఒక కవరు తీసి నా ముందు పెట్టాడు. "నేనిప్పుడు ఆటగాణ్ణి కాదు. కాబట్టి మీ నియమం ఇక నన్ను ఆపదు" అన్నాడు.

కవరులో మార్చి 15 నాటి స్కోరు షీటు ఉంది, దిద్దినది. నా సంతకం ఉన్నదాని నకలు. గేట్‌వుడ్ పేరు వరసలో తొమ్మిది చుట్టూ గుండ్రంగా గీత. కింద నీలం సిరాతో నాలుగు వరసలు, దాని కింద తారీఖు. ఆ తారీఖు నిన్నటిదీ మొన్నటిదీ కాదు. 16 మార్చి 2009. ఆ సోమవారం నేను కారెక్కి వెళ్ళాక రాసి పెట్టుకున్నాడు. ఆరేళ్ళు తన దగ్గరే ఉంచుకున్నాడు, నాచేత నియమం తప్పించడం ఇష్టం లేక.

నాలుగు వరసలు తెలుగులో ఇలా ఉంటాయి: "సియాటెల్ పక్కన నాలుగు పౌండ్ల ఒక ఔన్సు అమ్మాయికి. నువ్వు పుట్టిన రోజు నేను చేసినవి తొమ్మిది. మీ అమ్మమ్మ లెక్క పెట్టింది. స్వాగతం. ఎల్డ్రిజ్ గేట్‌వుడ్."

దాన్ని ఈ ఉత్తరంతో పంపుతున్నాను, అట్ట మధ్యలో పెట్టి, మడత పడకుండా. వచ్చే నెల చరితకి ఆరు నిండుతాయి, అప్పుడివ్వు. సున్నా పాయింట్ల అమ్మమ్మ దగ్గరి నుంచి అని చెప్పు. మీ పార్టీలో ఆయన మళ్ళీ కనిపిస్తే కక్ష లేదని చెప్పు, ఫోన్ సంగతి కూడా చెప్పు. దాచాల్సినదేమీ ఇక లేదు. నిన్న పొద్దున టీమ్ ఆఫీసుకి నేనే వెళ్ళి, ఆరేళ్ళ క్రితం ఏం జరిగిందో రాసి ఇచ్చి, ఈ ఏప్రిల్‌తో కుర్చీ ఖాళీ చేస్తానని చెప్పాను. ఆ ఆఫీసు కుర్రవాడికి ఇప్పుడు పొట్ట వచ్చింది. చదివి, "దీన్నేం చేయమంటారు మేడమ్?" అన్నాడు. ఫైల్లో పెట్టమన్నాను.

కేకు తిని వచ్చేసినందుకు నువ్వు సిగ్గుపడకు. నీకు తెలియనిది నువ్వు చెప్పలేదు. తాతయ్య చూసి ఉంటే మెచ్చుకునేవారు.

నలభై ఏడేళ్ళకి ఉద్యోగం పోయి అట్టపెట్టెతో ఇంటికొచ్చిన నాకు ఈ పద్నాలుగేళ్ళు ఎవరిచ్చారని లెక్క వేసుకుంటే, ర్యాండీ, ఆ కోచ్, యాభై మైళ్ళెందుకని ఒక్కసారీ అనని మీ నాన్నగారు, ఒక పొట్టి ఆటగాడు, వాళ్ళమ్మ. నువ్వు కూడా. మంగళవారం నేను ఆసుపత్రి తలుపు తోసేసరికి నువ్వు నన్నేమీ అడగలేదు. చేతులు కడుక్కోమని చెప్పి, అద్దం పెట్టెలో పిల్లని చూపించావు. దాని వేళ్ళు లెక్కపెట్టాను. పది. అవి మాత్రం నా కళ్ళతో చూసి చెప్పినవి.

కానీ ఆ సోమవారాన్ని నేను చూడలేదు. శ్రీహర్ష రెండు అంతస్తుల మధ్య తిరుగుతూ ఉండి ఉంటాడు. నువ్వు మంచం మీద ఒక్కదానివే ఉండి ఉంటావు. పిల్ల దగ్గరికి నిన్ను ఎప్పుడు తీసుకెళ్ళారు, తలుపు తెరుచుకున్నప్పుడల్లా నేననుకున్నావా, ఏమైనా తిన్నావా, నాకు తెలియదు. ఆరేళ్ళుగా ఊహించుకుంటున్నాను. ఊహ లెక్కలోకి రాదు. చూడనిది అడగాలి. అడగడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది.

ఆ సోమవారం ఎలా గడిచింది, తల్లీ? ఇంగ్లీషు మాటలు ఎన్నయినా పడనీ. ఉన్నది ఉన్నట్టు రాయి.

శ్రీహర్షకి, చరితకి నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
ఒక రోజు ఆలస్యంగా వచ్చిన
మీ అమ్మ,
ఉమామహేశ్వరి